రీబాండింగ్ జుట్టు నుంచి సొంత ఉంగరాలకు: అతుకు తెగకుండా దాటడం ఎలా

మెడ వెనక మాడుకు ఆనుకుని ఉన్న జుట్టును తడిగా ఉన్నప్పుడు ఒకసారి వేళ్లతో తడిమి చూడండి. చివరిసారి స్ట్రెయిటెనింగ్ చేయించుకుని నాలుగు నెలలు దాటితే, అక్కడ రెండంగుళాల మేర వెంట్రుకలు కాస్త గరుకుగా, వంపులు తిరిగి తగులుతాయి. వేళ్లు ఇంకాస్త కిందికి జారితే ఒక్కసారిగా నున్నగా, చప్పగా, తడిసిన దారంలా అయిపోతుంది. ఆ మారే చోటు ఉందే, అదే అతుకు. పార్లర్ వాళ్లు డీమార్కేషన్ లైన్ అంటారు. మందమైన బట్టకు పల్చటి బట్ట కలిపి కుడితే కుట్టు దగ్గరే చిరిగినట్టు, జుట్టు తెగేది ఎక్కువగా అక్కడే. మందు పెట్టిన జుట్టు నుంచి సొంత ఉంగరాలకు మారడమంటే ఈ అతుకును ఏడాదో రెండేళ్లో కాపాడుకుంటూ రావడం. ఏ షాంపూ కొనాలి, ఏ జెల్ రాయాలి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

నేను ఆరేళ్లు వరసగా రీబాండింగ్ చేయించుకున్నాను. మొదటిసారి మానేసినప్పుడు ఎనిమిదో నెలలో ఓపిక నశించి మళ్లీ పార్లర్ కుర్చీలో కూర్చున్నాను. రెండోసారి పద్నాలుగు నెలలు ఆగి, కత్తెర పెట్టాను. కింద రాసినదంతా ఆ రెండు ప్రయత్నాల్లో నేర్చుకున్నది, ఆ మధ్య చదివి తెలుసుకున్నది.

ముందు మీ జుట్టుకు ఏం పెట్టారో కనుక్కోండి

"స్మూతెనింగ్" అనే ఒక్క పేరు కింద చాలా రకాల పనులు జరుగుతుంటాయి. మీకు జరిగింది ఏదో తెలియకుండా కత్తెర పట్టుకోకండి.

వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రోటీన్ పోగులను పక్కపక్కన పట్టి ఉంచేవి గంధకపు బంధాలు. రిలాక్సర్ క్రీముల్లో సోడియం హైడ్రాక్సైడ్ లాంటి ఘాటైన క్షారం ఉంటుంది. పీహెచ్ 12 పైమాటే. అది ఆ బంధంలోంచి ఒక గంధకపు పరమాణువును ఊడగొట్టి, లాంథియోనైన్ అనే వేరే బంధంగా మార్చేస్తుంది. ఇక అది వెనక్కి రాదు. రీబాండింగ్ దారి వేరు. థయోగ్లైకోలేట్ మందుతో బంధాలు విడదీసి, ఇస్త్రీతో వెంట్రుకను నిటారుగా సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో ఆ కొత్త ఆకారంలోనే మళ్లీ కట్టేస్తారు. ఇదీ శాశ్వతమే. ఈ రెండింటిలో ఏది చేయించుకున్నా, మందు తగిలిన వెంట్రుక మళ్లీ ఉంగరం తిరగదు. "ఉంగరాలు తిరిగి రప్పించే" క్రీములు, సీరమ్‌లు అని అమ్మేవి కొనకండి. నేను రెండు కొన్నాను. మంచి వాసన వచ్చింది, అంతే.

కెరాటిన్ ట్రీట్‌మెంట్, హెయిర్ బొటాక్స్ లాంటివి చాలావరకు వెంట్రుక మీద పూత వేసి, ఇస్త్రీతో దాన్ని గట్టిపరచేవి. మూడు నుంచి ఆరు నెలల్లో తలస్నానాలతో పాటు కరిగిపోతాయి. మీది ఇదే అయితే అదృష్టవంతులు. కొన్నాళ్లు ఊరికే ఆగండి, పాత జుట్టులోనే వంపులు కొంత తిరిగి రావచ్చు. ఇస్త్రీ వేడికి బాగా దెబ్బతిన్న చివర్లు మాత్రం రావు.

ఏం పెట్టారో గుర్తు లేకపోతే పార్లర్‌కి ఫోన్ చేసి అడగండి. సిగ్గుపడాల్సిందేం లేదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: హైడ్రాక్సైడ్ రిలాక్సర్ పడిన జుట్టు మీద థయో మందు గానీ, థయో పడిన జుట్టు మీద రిలాక్సర్ గానీ పెట్టకూడదు. రెండూ ఒకే వెంట్రుక మీద పడితే అది చేతిలోకి ఊడి వస్తుంది. మధ్యలో మనసు మారి "టచప్ చేయించుకుందాం" అనిపించే రోజున ఈ మాట పనికొస్తుంది. ఇంట్లో కలుపుకునే నో-లై రకం (సోడియం హైడ్రాక్సైడ్ లేని) రిలాక్సర్ వాడినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అందులోని కాల్షియం జుట్టుకు పట్టుకుని ఎండుగడ్డిలా చేస్తుంది. జుట్టుకు పట్టిన లవణాలను వదిలించే కీలేటింగ్ షాంపూతో (ఈడీటీఏ అనే పదార్థం ఉన్నది) నెలకోసారి కడిగితే చాలా తేడా కనిపిస్తుంది. ఉప్పునీళ్లతో తలస్నానం చేసేవాళ్లకూ ఇదే మందు.

మరి కుదుళ్ల దగ్గర ఉంగరాలు ఎందుకొస్తాయంటారా? వెంట్రుక వంపును నిర్ణయించేది చర్మం లోపల ఉండే కుదురు. మందు పనిచేసింది బయటికి వచ్చేసిన వెంట్రుక మీద. లోపల కుదురు మారలేదు. కాబట్టి కొత్తగా వచ్చేది దాని సొంత తీరునే వస్తుంది. మందు వల్ల మాడు కాలి మచ్చపడిన చోట గానీ, నుదుటి దగ్గర జుట్టు వెనక్కి జరిగిపోతున్న చోట గానీ ఈ లెక్క వర్తించకపోవచ్చు. అక్కడ ఆలస్యం చేయకుండా చర్మవైద్యుణ్ని కలవండి.

ఇప్పటికీ మానాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు ఒక మాట. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. 33,497 మంది మహిళలను సుమారు పదకొండేళ్లు గమనించారు. స్ట్రెయిటెనింగ్ మందులు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమని, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడేవాళ్లలో 4.05 శాతమని లెక్కగట్టారు. ఇది ఆ రెండింటికీ ఏదో సంబంధం ఉందని చూపిస్తుంది తప్ప, మందే కారణమని తేల్చి చెప్పదు. భయపెట్టడానికి రాయలేదు. కానీ నా నిర్ణయంలో దీనికీ ఒక పాలు ఉంది, దాచడం దేనికి?

కత్తిరించెయ్యాలా, పెంచుకుంటూ పోవాలా?

ఇక్కడ రెండు దారులున్నాయి. ఈ దారులకు పేర్లు పెట్టింది నల్లజాతి మహిళలే. మందు పెట్టిన భాగమంతా ఒకేసారి తీసేస్తే "బిగ్ చాప్", కొత్తది పెరుగుతుండగా పాతది కొంచెం కొంచెం కత్తిరిస్తూ వస్తే "ట్రాన్సిషన్". ఉంగరాల జుట్టు సంరక్షణలో ఇవాళ అందరం వాడుకుంటున్న చిట్కాల్లో చాలా భాగం వాళ్ల అనుభవం లోంచి వచ్చినవే.

ఏ దారి మంచిదని అడిగితే, లెక్క చూసుకోండి అంటాను. జుట్టు నెలకు సగటున ఒకటింపావు సెంటీమీటరు, ఏడాదికి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. మీ జుట్టు ఇప్పుడు కుదురు నుంచి చివరికి 40 సెంటీమీటర్లు ఉందనుకుందాం. రెండు నెలలకోసారి రెండున్నర సెంటీమీటర్లు కత్తిరిస్తే పొడవు ఎక్కడిదక్కడే ఉంటుంది. లోపల మాత్రం కొత్తది పెరుగుతూ, పాతది తరుగుతూ వస్తుంది. ఏడాదికి 15 కొత్తది, 25 పాతది. మొత్తం సొంత జుట్టు కావాలంటే రెండేళ్ల ఎనిమిది నెలలు. అంత ఓపిక లేదంటారా, కొత్తది 15 సెంటీమీటర్లు రాగానే మిగతాది తీసేయండి. మెడ దాకా వస్తుందనుకునే ఆ 15 సెంటీమీటర్లు ఆరాక ముడుచుకుని చెవి దగ్గరే ఆగిపోతాయని మాత్రం ముందే తెలుసుకోండి. బాగా బిగుతుగా తిరిగే ఉంగరాలైతే సాగదీసిన పొడవులో సగానికి, ఇంకా తక్కువకి కూడా కుదించుకుపోతాయి.

కొందరు అద్దంలో పొట్టి జుట్టు చూసుకుని తట్టుకోలేరు. ఇంకొందరు రెండు రకాల జుట్టుతో ఏడాది పాటు వేగలేరు. మీరు ఏ కోవకు చెందుతారో మీకు తెలుసు. నా మటుకు నేను మధ్యరకం: పద్నాలుగు నెలలు పెంచి, ఉన్నంతలో కోసేశాను. అతుకు దగ్గర జుట్టు గుప్పెళ్లకొద్దీ తెగిపోతుంటే మాత్రం ఈ చర్చ అనవసరం. తెగి ఎగుడుదిగుడుగా మిగిలేదానికన్నా కత్తిరించుకున్నదే నయం.

తలస్నానం రోజు

ట్రాన్సిషన్ బాగా సాగుతుందా, పాడవుతుందా అన్నది తేలేది ఇక్కడే. తడిసిన వెంట్రుక పొడిగా ఉన్నప్పటికన్నా బలహీనం. అందులోనూ మందు పెట్టిన భాగం రబ్బరులా సాగుతుంది, కొత్తది అంతగా సాగదు. లాగామా, ఆ బలమంతా అతుకు మీదే పడుతుంది. అందుకే తలస్నానం నాడు తొందర పనికిరాదు. గంట సమయం పెట్టుకోండి.

స్నానానికి ఓ గంట ముందో, ముందురోజు రాత్రో జుట్టుకు కొబ్బరినూనె పట్టించండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత ఆపుతుంది. మినరల్ ఆయిల్‌కి ఈ గుణం లేదు. తల నుంచి కారేలా రాయక్కర్లేదు. అతుకు దగ్గర, చివర్ల దగ్గర ఎక్కువ, మాడుకు తక్కువ. మీ జుట్టుకు కొబ్బరినూనె రాశాక బిరుసుగా అనిపిస్తే మానేయండి, అందరికీ పడదు.

జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కోదాన్ని వదులుగా మెలిపెట్టి క్లిప్పు పెట్టండి. షాంపూ ఆ మెలికలు విప్పకుండానే మాడుకు మాత్రమే రాయండి. వేళ్ల కొసలతో రుద్దండి, గోళ్లతో కాదు. నురగ కిందికి జారుతూ మిగతా జుట్టును ఎలాగూ కడుగుతుంది. జుట్టంతా నడినెత్తికి చేర్చి బట్టలుతికినట్టు రుద్దే అలవాటుంటే అది ఇవాళే వదిలేయండి. చిక్కులు సగం అక్కడే పుడతాయి. వారానికి ఒకసారి చాలామందికి సరిపోతుంది. మాడు త్వరగా జిడ్డెక్కేవాళ్లు, చుండ్రు ఉన్నవాళ్లు రెండుసార్లు చేసినా తప్పులేదు. "ఉంగరాల జుట్టుకు షాంపూనే వద్దు" అనే సలహాని నేను రెండు నెలలు పాటించి, తలంతా దురద తెచ్చుకున్నాను. షాంపూ కావాలి, సల్ఫేట్ తక్కువగా ఉన్నదైతే మేలు.

ఇప్పుడు చిక్కు తీయడం. ఇది కాస్త వివరంగా చెబుతాను.

షాంపూ కడిగేశాక ఒక పాయ విప్పండి. నీళ్లు కారుతూ ఉండగానే దానికి కండిషనర్ దండిగా పట్టించండి. పాయ వేళ్ల మధ్య చేపలా జారాలి. జారకపోతే ఇంకాస్త నీళ్లు, ఇంకాస్త కండిషనర్. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలుతో పాయను అతుకుకి కాస్త కింద గట్టిగా పట్టుకోండి. ఇక కింద మీరు ఎంత లాగినా ఆ లాగుడు మీ వేళ్ల దగ్గర ఆగిపోవాలి, అతుకుని తాకకూడదు. కుడిచేత్తో ముందు వేళ్లతోనే చివర్ల నుంచి మొదలుపెట్టి చిక్కు విప్పండి. చివరి రెండంగుళాలు వదులయ్యాక కాస్త పైకి, ఇంకాస్త పైకి. వేళ్లకు చిక్కు తగలడం ఆగాక అప్పుడు పళ్లు దూరదూరంగా ఉన్న దువ్వెన, అదీ కింది నుంచే. అతుకు దగ్గరికొచ్చేసరికి మాత్రం పట్టు మార్చండి. ఈసారి కుదురు దగ్గర పట్టుకుని, దువ్వెన లేకుండా వేళ్లతోనే తీయండి. అక్కడ కొత్త ఉంగరాలు పాత తిన్నటి వెంట్రుకలకు చుట్టుకుని చిన్నచిన్న ముళ్లు పడుతుంటాయి. ముడిని లాగకుండా, దాని మీద చుక్క కండిషనర్ వేసి, ఒక్కో వెంట్రుకనే పక్కకు తప్పించండి. రెండు నిమిషాల్లో విడకపోతే, ఆ ముడి వరకు చిన్న కత్తెరతో తీసేయడమే మంచిది. ఒక ముడి కోసం పాయంతా తెంచుకోకూడదు.

అయిపోయిన పాయను వెంటనే మళ్లీ మెలిపెట్టి పక్కన పెట్టండి. లేకపోతే తర్వాతి పాయ తీసేలోగా ఇది మళ్లీ చిక్కుపడుతుంది. పొడి జుట్టును మాత్రం ఎప్పుడూ దువ్వకండి. ఆఫీసుకి ఆలస్యమై నేను ఒకరోజు ఆ పని చేశాను. దువ్వెనలో మిగిలింది చూసి ఆ పూటంతా అన్నం సయించలేదు.

చివర్లో టవల్‌తో రుద్దకుండా, పాత కాటన్ టీషర్టుతో ఒత్తండి, చాలు.

తేమ, ప్రోటీన్: ఏది ఎప్పుడు?

వారానికోసారి డీప్ కండిషనింగ్ చేయండి. రాసి, ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, ఇరవై నిమిషాల నుంచి అరగంట. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిదనే మాటలో పసలేదు.

ప్రోటీన్ సంగతి వేరు. హైడ్రొలైజ్డ్ కెరాటిన్, హైడ్రొలైజ్డ్ వీట్ ప్రోటీన్ లాంటివి దెబ్బతిన్న వెంట్రుకకు తాత్కాలికంగా దన్నుగా నిలుస్తాయి. తడిసిన ఒక వెంట్రుకను తీసి మెల్లగా సాగదీసి చూడండి. చూయింగ్ గమ్‌లా సాగి సాగి తిరిగి రాకపోతే ప్రోటీన్ కావాలి. సాగకుండానే టప్పున తెగితే తేమ కావాలి. మందు పెట్టిన జుట్టు చాలాసార్లు మొదటి రకం కాబట్టి నెలకో, ఆరు వారాలకో ఒకసారి ప్రోటీన్ ట్రీట్‌మెంట్ చేయండి. దాని వెనకే మామూలు కండిషనర్ తప్పనిసరి. బాగుంది కదా అని ప్రతివారం చేస్తే జుట్టు చీపురుపుల్లలా అవుతుంది.

రెండు రకాల జుట్టు ఒకేలా కనిపించాలంటే

మూడో నెల నుంచి మొదలవుతుంది అసలు చికాకు. పైన ఉబ్బుగా, కింద చప్పగా, ఫొటోల్లో ఎవరో పాత విగ్గు పెట్టినట్టు కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఇస్త్రీ పెట్టె పట్టుకుంటారు, కుదుళ్లను కూడా తిన్నగా చేసి చివర్లతో కలిపేద్దామని. నేను చెప్పేది దానికి సరిగ్గా తిరగేసి. కుదుళ్లను వదిలేసి, చివర్లకు వంపులు తేవాలి.

దీనికి అన్నిటికన్నా సులువైంది రెండు పాయల మెలిక, ట్విస్ట్ అవుట్ అంటారు. తలస్నానం చేశాక జుట్టు ముప్పాతిక ఆరనివ్వండి. లీవ్-ఇన్ కండిషనర్ (కడగకుండా జుట్టులోనే ఉంచేసేది) కొద్దిగా, దాని మీద జెల్ కొద్దిగా రాయండి. బొటనవేలంత మందం పాయ తీసుకుని, దాన్ని రెండు చేసి, ఒకదాని మీద ఒకటి తాడు పేనినట్టు చివరి దాకా పేనండి. తిన్నటి చివర్లు విడిపోతుంటాయి కాబట్టి ఆఖరి రెండంగుళాలు చిన్న ఫోమ్ రోలర్‌కి గానీ, ఫ్లెక్సీ రాడ్‌కి గానీ చుట్టి పెట్టండి. జుట్టు పొడవును బట్టి తలంతా పన్నెండు నుంచి ఇరవై మెలికలు పడతాయి. మూడు పాయల జడలైనా వేయొచ్చు, వంపులు ఇంకాస్త బిగుతుగా వస్తాయి. పూర్తిగా ఆరాకే విప్పాలి. పూర్తిగా అంటే నిజంగా పూర్తిగా. లోపల ఏమాత్రం తడి ఉన్నా విప్పిన అరగంటలో చివర్లు మళ్లీ కర్రల్లా వేలాడతాయి. వేళ్లకు రెండు చుక్కల నూనె రాసుకుని, పేనిన దిక్కుకు ఎదురుగా తిప్పుతూ విప్పండి.

రాత్రి శాటిన్ తలగడ గలీబు వేసుకుంటే, లేదా శాటిన్ టోపీ పెట్టుకుంటే ఈ వంపులు మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. నూలు గుడ్డ తేమను పీల్చుకుని వెంట్రుకను గీరుతుంది.

ఓపిక లేని రోజుల్లో వదులు కొప్పో, వదులు జడో చాలు. వదులు అన్న మాటని తేలిగ్గా తీసుకోవద్దు. నుదుటి దగ్గర చర్మం లాగేంత బిగుతుగా రోజూ వేస్తే కుదుళ్లే దెబ్బతింటాయి, దాన్ని ట్రాక్షన్ అలోపేషియా అంటారు. చాలాకాలం సాగితే అక్కడ జుట్టు మళ్లీ రాదు. జడ వేశాక తలనొప్పి వస్తే విప్పేయండి. రబ్బరు బ్యాండు ఎప్పుడూ అతుకు మీద పడకుండా చూసుకోండి, రోజుకో చోట పెట్టండి.

వేడి విషయంలో

వీలైతే పూర్తిగా మానేయండి. పెళ్లికో, ఇంకో ముఖ్యమైన రోజుకో తప్పదనుకుంటే, పూర్తిగా ఆరిన జుట్టు మీద, హీట్ ప్రొటెక్టెంట్ రాసి, 180 డిగ్రీలు దాటకుండా, ఒక పాయ మీద ఒక్కసారే పెట్టండి. తడి జుట్టు మీద ఇస్త్రీ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎక్కువ వేడి కొత్తగా వచ్చిన సొంత ఉంగరాన్ని కూడా శాశ్వతంగా చెడగొట్టగలదు. మొదటి ప్రయత్నంలో నేను రీబాండింగ్ మానేసి, ప్రతి ఆదివారం ఇస్త్రీ చేసుకున్నాను. ఎనిమిదో నెలలో కుదుళ్ల దగ్గర కూడా ఉంగరం కనిపించకపోయేసరికి "నా జుట్టు తీరే ఇంత" అనుకుని మళ్లీ పార్లర్‌కి వెళ్లాను. అది నా జుట్టు తీరు కాదు, నా ఇస్త్రీ పెట్టె చేసిన పని. అనుమానం ఉంటే కుదురు దగ్గరి పాయను నీళ్లతో తడిపి చూడండి. తడిసినా వంపు తిరగలేదంటే వేడి దెబ్బ తగిలిందన్నమాట.

రంగు, బ్లీచింగ్ ఈ కాలంలో వద్దు. అతుకు భరించలేదు.

రాలుతోందా, తెగుతోందా?

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారమంతా దువ్వకుండా తలస్నానం నాడే దువ్వితే వారం వాటా ఒకేసారి చేతికొస్తుంది, చూసి హడలిపోకండి. ఊడిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. పొడవుగా ఉండి, ఒక కొసన చిన్న తెల్లటి గింజ ఉంటే అది కుదురు నుంచి సహజంగా రాలింది. పొట్టిగా, రెండు కొసలూ గింజ లేకుండా ఉంటే అది తెగింది. తెగిన ముక్క మొత్తం తిన్నగా ఉండి, అతుకు నుంచి చివరి దాకా పాత జుట్టు ఎంత పొడవుందో దానికి సరిగ్గా సరిపోతే అతుకు దగ్గరే తెగిందని అర్థం. అలాంటివి పెరుగుతుంటే చిక్కు తీసే పద్ధతి మళ్లీ చూసుకోండి, లేదా కత్తెర తేదీ ముందుకు జరపండి. గింజ ఉన్నవే విపరీతంగా, నెలల తరబడి రాలుతుంటే కారణం జుట్టు పైన లేదు. ప్రసవం తర్వాత, పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు అలా రాలుతుంది. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాల్సిన సందర్భమూ కావచ్చు.

కత్తెర రోజు

మామూలు హెయిర్‌కట్‌లా చేయకూడని కత్తిరింపు ఇది. సెలూన్‌కి వెళ్తే ఉంగరాల జుట్టు కత్తిరించడం తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లండి. "మందు పెట్టిందంతా తీసేయండి, ఆ తర్వాతే షేపు" అని ముందే చెప్పండి. ఆరబెట్టి, ఇస్త్రీ చేసి సమంగా కత్తిరిస్తామంటే ఒప్పుకోవద్దు. తిన్నగా సాగదీస్తే అతుకు ఎక్కడుందో కనిపించదు.

ఇంట్లోనే చేసుకుంటే జుట్టు కత్తిరించడానికే ఉంచిన పదునైన కత్తెర కావాలి. కాగితాలు కోసే మొద్దు కత్తెరతో కోస్తే చివర్లు నలిగి చిట్లుతాయి. తలస్నానం చేసి, కండిషనర్ రాసి, తడిగానే ఉంచండి. ఇప్పుడు అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. పైన స్ప్రింగులా చుట్టుకుని, కింద ఎలుక తోకలా వేలాడుతూ. వేలంత పాయలు తీసుకుని, ఒక్కో పాయలో స్ప్రింగు ఆగిపోయిన చోట కత్తిరించండి. ఒక్కో పాయ ఒక్కో చోట ఆగుతుంది, సమంగా రావాలని చూడకండి. తోక తెగగానే పాయ టక్కున పైకి ఎగురుతుంది. మొదటిసారి అది చూసి నవ్వొచ్చింది నాకు. ఆరేళ్లుగా ఇంత చురుకుదనం ఎక్కడ దాక్కుందా అని.

కత్తిరించాక మొదటి వారం అద్దాన్ని తిట్టుకుంటారు, అది మామూలే. ఉంగరాలు అన్నీ ఒకే తీరుగా ఉండవు. మెడ దగ్గర బిగుతుగా, నడినెత్తిన వదులుగా ఉండటం అందరికీ ఉన్నదే. 2ఏ, 3బీ, 4ఏ అంటూ రకాలు గుర్తుపట్టే పట్టిక ఒకటి ఉంది. ఓప్రా విన్‌ఫ్రే దగ్గర హెయిర్ స్టైలిస్టుగా చేసిన ఆండ్రే వాకర్ తయారుచేసింది. సరదాగా చూసుకోండి. నా తలలో మూడు రకాలున్నాయి.

రోజూ చేసే పని తేలికైపోతుంది. తడి జుట్టుకు లీవ్-ఇన్ రాసి, జెల్ రాసి, చివర్ల నుంచి మాడు వైపు గుప్పిట పట్టి పిసికి వదిలేయండి. ఆరుతుంటే జెల్ గట్టిపడి ఉడకని నూడుల్స్‌లా పెళుసుగా అవుతుంది. పాడైందనుకుని కంగారుపడొద్దు. పూర్తిగా ఆరాక అలాగే గుప్పిటతో మెత్తగా పిసికితే ఆ పొర విరిగిపోయి ఉంగరాలు మెత్తబడతాయి. డ్రయ్యర్ వాడాలనుకుంటే డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే మూతి) తగిలించి, తక్కువ వేడి మీద.

ఒకటి రెండు తోకలు కత్తెరకి దొరక్కుండా తప్పించుకుని ఉంటాయి. మూడో నాలుగో తలస్నానంలో అవి బయటపడతాయి, కనిపించినప్పుడల్లా తీసేయండి. నాకు ఎడమ చెవి వెనక ఒక సన్నటి పాయ మూడు వారాల తర్వాత దొరికింది. సింకు దగ్గర నిలబడి దాన్నీ కత్తిరించి, చెత్తబుట్టలో వేశాను.